సబ్జెక్టూ, కర్తా

ఆంగ్ల వాక్యంలో క్రియను గుర్తించడం తెలుగు విద్యార్థికి అంత కష్టం కాదు. కాలంతోపాటు రూపు మార్చుకొనే పదం అదే. నామవాచకం కొంత తికమక పెడుతుంది. 'వాటర్' ఒకచోట నీరు, మరొకచోట మొక్కకు నీరు పోయడం. వాక్యంలో దాని స్థానాన్ని బట్టి తేల్చుకోవాలి.

చిక్కంతా సబ్జెక్టుతోనే. బడిలో దానికి 'కర్త' అని పేరు పెట్టారు. 'ది స్నేక్ వజ్ కిల్డ్ బై రామా' అన్న వాక్యంలో కర్త ఎవరని అడిగితే పిల్లవాడు రాముణ్ణి చూపుతాడు. పంతులుగారు తప్పని గీటు పెడతారు. పాపం, పాణినీయం ప్రకారం వాడు చెప్పినదే ఒప్పు! చంపినవాడు రాముడు, పాము కర్మ. ఆంగ్లవ్యాకరణం అడిగేది వేరు: క్రియ దేని వచనాన్ని అనుసరిస్తున్నది? పాములు రెండైతే 'వజ్' కాస్తా 'వర్' అవుతుంది. చంపినవారు పదిమందైనా అది చలించదు. హిందీలోనూ 'రామ్ నే రోటీ ఖాయీ' అన్నప్పుడు క్రియ రొట్టె లింగాన్ని అనుసరిస్తుంది. అంతమాత్రాన రొట్టె తిన్నది కాబోదు.

కనుక పిల్లవాణ్ణి రెండు ప్రశ్నలు విడివిడిగా అడగడం న్యాయం: పని చేసినది ఎవరు? క్రియ దేనిని అనుసరించింది? 'ఇట్ ఈజ్ రెయినింగ్' అన్నచోట మొదటిదానికి జవాబే లేదు; రెండవదానికి 'ఇట్' ఉన్నది.