పుణె నుంచి హన్మకొండకి ఫియట్‌లో: 700 కిలోమీటర్లు, మూడు రోజులు

ముందే ఒక మాట చెప్పేస్తా. నేను కొన్నది చట్టం లెక్కలో వింటేజ్ కారు కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకి 2021లో చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బండే వింటేజ్. దానికి ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. ప్రదర్శనలకి, ర్యాలీలకి తప్ప రోజువారీ పనులకి తిప్పకూడదు. నాది 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని. అంటే ఇంకా మామూలు పాత కారే. కూరగాయలకి కూడా వేసుకెళ్లొచ్చు.

మన దగ్గర దాన్ని పద్మిని అనేవాళ్లు తక్కువ. అందరూ ఫియట్ అనే అంటారు. ఆ మాటా నిజమే. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా వచ్చి, 70ల్లో ఈ పేరు పెట్టుకుంది. 1089 సీసీ ఇంజిన్, స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. పవర్ స్టీరింగ్ లేదు, ఏసీ లేదు. ముంబైలో నలుపు పసుపు టాక్సీగా 2023 అక్టోబరు దాకా తిరిగింది. ఆ టాక్సీల పుణ్యమా అని స్పేర్ పార్టులు ఇప్పటికీ దొరుకుతున్నాయి.

సరే, ఇన్ని కార్లుండగా ఇదే ఎందుకు? మా బాపు వల్ల.

బాపు హన్మకొండలో ఒక డాక్టరు గారి దగ్గర 19 ఏళ్లు డ్రైవరు. చాలా ఏళ్లు నడిపింది ఇదే రకం ఫియట్. పొద్దున్నే దాన్ని తుడిచి తళతళలాడించేవాడు. మేం మాత్రం ఒక్కసారి కూడా అందులో కూర్చోలేదు. అడిగితే “అది మనది కాదు బిడ్డా” అనేవాడు. ఆరేళ్ల కింద మోకాళ్లు అరిగి క్లచ్ తొక్కలేక పని మానేశాడు. అప్పటి నుంచి ఏం అడిగినా ఒకటే జవాబు: “నాకేం తెలుసు?” ఏ ఫ్యాన్ కొందామన్నా అదే, తమ్ముణ్ని ఏ కాలేజీలో వేద్దామన్నా అదే. చివరికి అమ్మ కూడా ఆయన్ని అడగడం మానేసింది. నాకు భయమేసింది అక్కడే.

మూడేళ్లు దాచుకున్న డబ్బుల్లోంచి లక్షా నలభై వేలు పెట్టి పుణెలో ఒక రిటైర్డ్ ఉద్యోగి దగ్గర కారు ఖాయం చేశా. “ఆ పైసలకి తులం బంగారమన్నా వస్తుండె” అని అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. బాపుని తోడు రమ్మంటే “నేనొచ్చి ఏం జేస్త?” అన్నాడు. కానీ బయల్దేరే రోజు చూస్తే సంచిలో పాత పానాలు, టార్చి లైటు, రెండు చిరిగిన బనియన్లు. బనియన్లెందుకో నాకు దారిలోగానీ అర్థం కాలేదు.

కాగితాలు, గొట్టాలు

మీలో ఎవరికైనా ఇలాంటి ఆలోచన ఉంటే, కారు కన్నా ముందు ఆర్సీ చూడండి. 15 ఏళ్లు దాటిన సొంత కారుకి ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. ఆ తేదీ అయిపోతే బండి ఎంత మెరిసినా రోడ్డెక్కకూడదు. వేరే రాష్ట్రానికి తెచ్చుకోవాలంటే పాత ఓనరు ఫారం 28 పెట్టి ఎన్ఓసీ తీసుకోవాలి. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. ఫాస్టాగ్ కూడా కావాలి. 1986 కారు అద్దానికి ఆ స్టిక్కరు అంటిస్తుంటే నాకే నవ్వొచ్చింది.

ఇంకోటి పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసింది. 80ల నాటి రబ్బరు గొట్టాలు దానికోసం చేసినవి కావు, మెల్లగా మెత్తబడి చీలిపోతాయి. పుణెలోనే పెట్రోలు గొట్టాలన్నీ కొత్తవి వేయించాం. ఒక ఫ్యాన్ బెల్టు స్పేర్‌గా కొన్నాం. అది బాపు మాటే. షాపులో గొణిగినట్టు అన్నాడు: “బెల్టొకటి తీస్కో.”

బనియన్ వైద్యం

పుణె దాటాక రోడ్డు బాగుంది. నేను డ్రైవింగు, బాపు పక్క సీట్లో. “వెనక కాళ్లు చాపుకుని కూర్చో” అంటే ఒప్పుకోలేదు. స్పీడు డెబ్బైకి వెళ్లగానే “అరవై దాటకు. ఇది ఉరకదు, నడుస్తది” అన్నాడు. తలుపు ముందు మూలన చిన్న త్రికోణపు అద్దం ఉంటుంది. దాన్ని కొద్దిగా తిప్పితే గాలి సూటిగా మొహానికి తగులుతుంది. ఏసీ అంటే అదే.

మార్చి ఎండ. రెండు దాటింది. భిగ్వన్ పోయి ఇందాపూర్ వైపు వెళ్తుంటే కారు తుక్కుతుక్కుమంటూ లాగడం మానేసింది. పక్కకి తీసేలోపే ఇంజిన్ ఆగిపోయింది. తాళం తిప్పితే గిర్రుమంటోంది తప్ప అందుకోవట్లేదు. నేను ఫోన్లో దగ్గర్లో బండి లాక్కెళ్లేవాళ్ల కోసం వెతకడం మొదలుపెట్టా.

బాపు మెల్లగా దిగి బానెట్ ఎత్తాడు. సీసాలో నీళ్లతో బనియన్ తడిపి, ఇంజిన్ పక్కనున్న పెట్రోలు పంపు మీద కప్పాడు. “ఫోన్ లోపల పెట్టు. పెట్రోలు ఆవిరైతాంది. ఇరవై నిమిషాలు ఊపిరి తీస్కోనియ్యి.”

ఇప్పటి కార్లలో పెట్రోలు పంపు ట్యాంకులోనే ఉంటుంది, కరెంటుతో నడుస్తుంది. పాత కార్లలో అది ఇంజిన్‌కే అతుక్కుని ఉంటుంది. ఇంజిన్ కాగితే పంపూ కాగుతుంది, లోపలి పెట్రోలు ఆవిరవుతుంది. పంపు ద్రవాన్ని నెట్టగలదు గానీ ఆవిరిని నెట్టలేదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. మందు ఒకటే, చల్లబరచడం. వేపచెట్టు కింద నిలబడి చెరో అరటిపండు తిన్నాం. తాళం తిప్పా. అందుకుంది! రెండో బనియన్ తడిపి రెడీగా పెట్టాడు. ఆ రోజంతా మధ్యమధ్యలో ఆగి పంపుకి స్నానం చేయించాం.

మోహోల్ దగ్గర చీకటి పడుతోంది. నాకు ఏ తేడా తెలియలేదు. బాపు మాత్రం తల పక్కకి వంచాడు. “ఆపు. సప్పుడు మారింది.” ఆపేలోపు బ్యాటరీ ఎర్ర లైటు వెలిగింది. ఫ్యాన్ బెల్టు తెగింది. డైనమో, ఫ్యాను, నీళ్ల పంపు మూడూ తిరిగేది ఆ ఒక్క బెల్టుతోనే. అలాగే ఇంకో పది కిలోమీటర్లు పోయుంటే ఇంజిన్ కాగి హెడ్డు పోయేదే. బాపు వంగలేడు. టార్చి పట్టుకుని చెప్తూ పోయాడు, నేను పానా తిప్పా. “బొటనవేలితో నొక్కు. అరంగుళం దిగాలె. అంతకన్నా బిగిస్తే బేరింగు పోతది.” గంట పట్టింది. నా చేతుల నిండా నల్ల గ్రీజు.

షోలాపూర్‌లో తెలుగు

బెల్టు ఊరికే తెగదు, నీళ్ల పంపు బేరింగు అరిగిందేమోనని బాపు అనుమానం. రాత్రికి షోలాపూర్ చేరి, పొద్దున్నే మెకానిక్ షెడ్డు వెతికాం. నేను వచ్చీరాని హిందీలో మొదలుపెడితే, ఆయన మా మాటలు విని “మీదే ఊరు?” అన్నాడు. తెలుగు!

మీకు తెలిసే ఉంటుంది, షోలాపూర్ దుప్పట్ల వెనకున్న చేతుల్లో చాలావరకు మనవాళ్లవే. తెలంగాణ నుంచి పద్మశాలీలు తరతరాల కింద మగ్గాల పనికి అక్కడికి వలసపోయారు. ఈయన తాత సిరిసిల్ల వైపు నుంచి వచ్చాడట. మరాఠీ కలిసిన ఆ తెలుగు వింటుంటే భలే ముచ్చటేసింది.

పంపు విప్పి చూశారు. బేరింగు అరిగింది. ఆ తర్వాత రెండు గంటలు నన్నెవరూ పట్టించుకోలేదు. ప్లగ్గు గ్యాపు ఎంతుండాలో ఇద్దరూ వాదించుకున్నారు. బాపు గొంతు పెరగడం నేను ఆరేళ్ల తర్వాత విన్నా. చివరికి మెకానిక్ నావైపు తిరిగి “ఉస్తాద్‌ని పక్కన పెట్టుకుని నా దగ్గరికెందుకు వచ్చినవమ్మా?” అన్నాడు. సామాను డబ్బులు తీసుకున్నాడు, కూలి తీసుకోలేదు.

బాపు ఏమీ అనలేదు. కారెక్కాక మాత్రం నళ్‌దుర్గ్ దాటేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. డాక్టరు గారి కారు అమ్మేసిన రోజు తాళాలు ఇచ్చి ఇంటికి నడుచుకుంటూ వచ్చాడట. ఆ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు.

ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్. మూడు రాష్ట్రాలు. ప్రతి చాయ్ కొట్టు దగ్గరా ఎవరో ఒకరు కారు చుట్టూ తిరిగి “మా మామయ్యకి ఉండేది” అంటూ మొదలుపెట్టేవారు. రాత్రి లింగంపల్లిలో నా రూములో పడుకున్నాం. మూడో రోజు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎడమ వరస వదలకుండా ఘట్‌కేసర్ చేరి, భువనగిరి, జనగామ మీదుగా హన్మకొండకి వెళ్లాం. మొత్తం 700 కిలోమీటర్లకి 60 లీటర్ల పైనే తాగింది.

వాకిట్లో అమ్మ నిమ్మకాయలు పట్టుకుని నిలబడింది. చక్రాల కింద పెట్టి తొక్కించింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

ఇప్పుడు తెలంగాణ నంబరు పని నడుస్తోంది. లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఇంకొంచెం ఖర్చుంది. మొన్న అమ్మే అడిగింది, కారులో వేములవాడ పోదామా అని. అడిగింది నన్ను కాదు, బాపుని.

“బ్రేకు షూలు మార్పిచ్చినంక పోదాం. ఇప్పుడే వద్దు” అన్నాడు.

ఫోన్ రీఛార్జి ఏది వేయించాలంటే మాత్రం ఇంకా “నాకేం తెలుసు?” అనే అంటున్నాడు.