శస్త్రచికిత్స తరువాత ప్రేగులోని బాక్టీరియా

ప్రేగులో ఒక భాగాన్ని తొలగించే శస్త్రచికిత్స ఆహారం సాగే దారిని కుదించడంతో ఆగదు. ఆ దారి పొడవునా స్థిరపడిన బాక్టీరియా జీవన పరిస్థితులను కూడా మార్చివేస్తుంది. జీర్ణాశయాన్ని ఆనుకొని ఉన్న ఆంత్రమూలంలో మిల్లీలీటరుకు కొన్ని వేలకు మించని బాక్టీరియా సంఖ్య, చిన్నప్రేగు చివరి భాగమైన ఇలియం చేరేసరికి కోట్లకు, పెద్దప్రేగులో గ్రాముకు సుమారు పదివేల కోట్లకు పెరుగుతుంది. ఈ అంతరాన్ని నిలిపేవి జఠరామ్లం, పిత్తరసం, ఆహారాన్ని ఎడతెగక ముందుకు నెట్టే ప్రేగు కదలికలు, వీటితోపాటు ఇలియం పెద్దప్రేగులో కలిసేచోట ఉండి వెనుకకు మళ్లే ప్రవాహాన్ని అడ్డుకొనే కవాటం.

ప్రేగు క్షయ ఎక్కువగా ఆ సంధిస్థానాన్నే ఆశ్రయించడం వల్ల, టైఫాయిడ్ పుండ్లు రంధ్రాలుగా మారేది కూడా దాని సమీపంలోని ఇలియంలోనే కావడం వల్ల, శస్త్రచికిత్సలో కవాటాన్ని కోల్పోయిన రోగులు తెలుగునాట జీర్ణకోశ వైద్యులకు కొత్త కాదు. గాయం మాని ఆకలి పుట్టిన కొంతకాలానికి కడుపుబ్బరం, నీళ్ల విరేచనాలు, అరికాళ్ల తిమ్మిరితో వీరు మళ్లీ వచ్చేసరికి ప్రోబయోటిక్ పొట్లాలు, అంటే మేలు చేస్తాయన్న ఉద్దేశంతో ఇచ్చే సజీవ సూక్ష్మజీవులు, అప్పటికే వాడి ఉంటారు. పెద్దప్రేగు బాక్టీరియా చిన్నప్రేగులోకి పాకి, కొవ్వు జీర్ణానికి తోడ్పడవలసిన పిత్తలవణాలను ముందే విచ్ఛిన్నం చేసి, బి12 విటమిన్‌ను తామే వాడుకోవడం ఈ బాధలకు ఒక కారణం కాగా, పిత్తలవణాలను తిరిగి పీల్చుకొనే ఇలియమే పోవడం వల్ల అవి పెద్దప్రేగులోకి దిగి నీటిని ఊరించడం మరొక కారణం. మొదటిదానికి యాంటీబయాటిక్, రెండవదానికి పిత్తలవణాలను పట్టి ఉంచే కొలెస్టైరమిన్ అవసరమవుతాయి. ప్రోబయోటిక్ పొట్లం ఈ రెండింటిలో ఏ ఒక్కదానికీ బదులు కాదు. కారణం ఏదో తేల్చేందుకు కావలసిన వివరాలను, అంటే ప్రేగులో ఎన్ని సెంటీమీటర్లు పోయాయో, ఎన్ని మిగిలాయో, కవాటం ఉన్నదో లేదో రాయని డిశ్చార్జి పత్రం రోగికి చేసే అన్యాయం చిన్నది కాదు.

బాక్టీరియాను ఎంపిక చేసేది ప్రేగు పరిస్థితులేనని, చిన్నప్రేగు మార్పిడి పొందిన రోగులపై అమెరికాలో జరిగి 2009లో వెలువడిన పరిశోధన చూపింది. ప్రేగు చివరను పొట్టపైకి తెరిచి ఉంచే ఇలియోస్టమీ ఉన్నంతకాలం, ఆక్సిజన్ సోకితే బతకలేని బాక్టీరియా స్థానాన్ని, ఆక్సిజన్ ఉన్నా లేకున్నా బతకగల లాక్టోబాసిల్లస్, ఎంటరోబాక్టీరియా వర్గాలు ఆక్రమించాయి. ఆ ద్వారాన్ని మూశాక పూర్వపు వర్గాలే తిరిగి నెలకొన్నాయి.

చిన్నప్రేగులో అధికభాగం పోయి పెద్దప్రేగు మిగిలినవారి స్థితి మరింత సున్నితమైనది. జీర్ణం కాని పిండిపదార్థాలు, చక్కెరలు పెద్దప్రేగుకు చేరగా, అక్కడ పెరిగిన లాక్టోబాసిల్లస్ వాటిని పులియబెట్టి డి-లాక్టిక్ ఆమ్లాన్ని, అంటే మానవ శరీరం నెమ్మదిగా మాత్రమే వదిలించుకోగల లాక్టిక్ ఆమ్ల రూపాన్ని, తయారుచేస్తుంది. భోజనం తరువాత మాట తడబడి, నడక తూలి, అయోమయంలో పడిన రోగి మద్యం సేవించాడని ఇంటివారు అనుమానించవచ్చు, పక్షవాతమని వైద్యుడు స్కానింగుకు పంపవచ్చు. మామూలు లాక్టేట్ పరీక్ష ఈ ఆమ్లపు మరో రూపమైన ఎల్-రూపాన్నే కొలుస్తుంది గనుక రోగనిర్ధారణ ఇంకా ఆలస్యమవుతుంది. పిండిపదార్థాలు తగ్గించి, ప్రేగులోనే పనిచేసే యాంటీబయాటిక్ ఇచ్చి, లాక్టోబాసిల్లస్ పొట్లాలను ఆపితే సాధారణంగా తేరుకుంటారు. దీర్ఘాయువు కోసం పులిసిన పాలను సిఫారసు చేసిన మెచ్నికోవ్ కాలం నుంచి పేరొందిన లాక్టోబాసిల్లస్ బల్గారికస్ కూడా డి-రూపాన్నే ఇచ్చేది కావడం వల్ల, పెరుగు ఎవరికైనా చలవేనన్న ఇంటి నమ్మకం ఈ కొద్దిమంది విషయంలో చెల్లదు.

ప్రోబయోటిక్ వల్ల కీడు ఇతర రోగులలోనూ కనిపించింది. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన క్లోమశోథ, అంటే పాంక్రియాస్ వాపు, ఉన్న రోగులపై జరిగి 2008లో వెలువడిన ప్రోపాట్రియా అధ్యయనంలో, ప్రోబయోటిక్ పొందినవారిలో 16 శాతం, పొందనివారిలో 6 శాతం మరణించారు. మొదటి వర్గంలోనే తొమ్మిదిమందికి ప్రేగుకు రక్తప్రసరణ తగ్గింది. ఇందుకు భిన్నంగా, పెద్దప్రేగును తొలగించి ఇలియంతో నిర్మించిన సంచిలో మళ్లీమళ్లీ వచ్చే వాపును నివారించడంలో పలు జాతుల మిశ్రమం ఒకటి ఉపకరించిందని 2000లో ఇటలీ పరిశోధకులు చూపారు. ఆ మేలు ఆ జాతులకు, ఆ మోతాదుకు చెందినదే తప్ప దుకాణంలో అదే పేరుతో దొరికే ప్రతి పొట్లానికీ వర్తించదు. పెద్ద సిరలో గొట్టం అమర్చిన రోగుల రక్తంలోకి శాకరోమైసిస్ బౌలార్డి అనే ఈస్ట్ చేరిన ఉదంతాలు నమోదయ్యాయి గనుక, దాని పొట్లాన్ని వారి మంచం దగ్గర విప్పడం కూడా తగదు.