బఫూన్ చేప తెచ్చిన చుట్టాలు

2019 వేసవిలో, విశాఖపట్నంలో మా ఇంట్లో ఒక ఉప్పునీటి గాజుతొట్టి ఉండేది. అందులో రెండు నీలం డామ్సెల్ చేపలు ఆరునెలలుగా హాయిగా ఉంటున్నాయి. సముద్రం పక్కన ఉంటూ ఉప్పు కొనితెచ్చి నీళ్ళలో కలుపుతానని ఇరుగుపొరుగువాళ్ళు నన్ను చూసి నవ్వేవారు. వానాకాలంలో నదుల నీరు వచ్చి కలిసి, మన బంగాళాఖాతంలో పైనీటికి ఉప్పదనం తగ్గిపోతుంది. తొట్టికి మాత్రం ఎప్పుడూ ఒకే ఉప్పదనం కావాలి, లీటరుకు సుమారు 35 గ్రాములు. ఈ సంగతి చెబితే వాళ్ళు ఇంకా నవ్వేవారు.

మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. నారింజరంగు ఒంటిమీద తెల్లని పట్టీలుండే క్లౌన్ చేప, అంటే బఫూన్ చేప, కావాలని పేచీ పెట్టింది. ఇద్దరం దుకాణానికి వెళ్ళాం. అక్కడ ఆ చేప నీటి పైభాగాన ఒక మూల నిలబడి, పరిగెత్తి వచ్చినవాడిలాగా మొప్పలు ఎగరేస్తున్నది.

"నాన్నా, దానికి ఆయాసంగా ఉన్నట్టుంది," అన్నది మా అమ్మాయి.

"కొత్తచోటు కదమ్మా, భయం," అన్నాను నేను. దుకాణదారు కూడా అదే మాట అన్నాడు. ఇంటికి తెచ్చి చేపను తిన్నగా తొట్టిలో వదిలేశాను.

నాలుగోరోజున దాని రెక్కలమీద బొంబాయిరవ్వ చల్లినట్టు తెల్లని చుక్కలు కనిపించాయి. అది రాతికి ఒళ్ళు రుద్దుకోసాగింది. ఏం చెయ్యాలా అని నేను ఆలోచిస్తూండగానే, రెండురోజుల్లో చుక్కలు మాయమయాయి. ఆ పూట మా ఇంట్లో పాయసం కూడా వండుకున్నాం.

మరో వారానికి మూడు చేపలకూ చుక్కలు వచ్చాయి. ఈసారి బఫూన్ చేప ఒంటిమీద చుక్కలు లెక్కపెట్టటానికి వీల్లేదు. ఆ రాత్రే అది చచ్చిపోయింది. తెల్లవారేసరికి పెద్ద డామ్సెల్ కూడా పోయింది. మా అమ్మాయి నన్ను ఒక్కమాట అనలేదు. "ఆయాసంగా ఉందని నేను ముందే చెప్పాను," అని మాత్రం వాళ్ళమ్మతో అన్నదట.

మా బాబాయి చేపలశాఖలో పనిచేసి రిటైరయినవాడు. ఆయన వచ్చి తొట్టి చూసి, "ఏరా, చుక్కలు పోయాయని సంబరపడ్డావా? అవి పోలేదు, కిందికి దిగాయి," అన్నాడు.

"రొయ్యల చెరువుల్లో వైట్ స్పాట్ అంటారే, అదేనా బాబాయ్?" అని అడిగాను.

"అది వైరసు. ఇది వేరు. దీనికి 1951లో క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అని పేరు పెట్టారు. ఒకే ఒక్క కణం ఉండే జీవి," అంటూ ఆయన దాని కథ చెప్పాడు.

ఆ జీవి చేప చర్మంలోకీ మొప్పల్లోకీ దూరి, మూడు నుంచి ఏడు రోజులు తిని బలుస్తుంది. మనకు కనిపించే చుక్క అదే. కడుపు నిండాక చేపను వదిలేసి, అడుగున ఇసుకకో రాతికో అంటుకుని చుట్టూ గుల్ల కట్టుకుంటుంది. గుల్ల లోపల ఒకటి రెండై, రెండు నాలుగై, చివరకు రెండువందల దాకా పిల్లలు తయారవుతాయి. కొన్ని గుల్లలు మూడురోజులకే పగులుతాయి, కొన్ని నాలుగువారాలకు గాని పగలవు. చల్లని నీళ్ళలో ఇంకా ఆలస్యం కావచ్చు. బయటికి వచ్చిన పిల్లకు రెండురోజుల లోపల చేప దొరకాలి. దొరక్కపోతే అది చస్తుంది.

"మొప్పల లోపలి చుక్కలు పైకి కనపడవు. ఒంటిమీద ఏమీ లేకపోయినా చేపకు ఊపిరి ఆడదు. దుకాణంలో అమ్మాయి చూసింది అదే," అన్నాడు బాబాయి. నేను తల వంచుకున్నాను.

రాగిమందు వెయ్యనా అని అడిగాను. రాగి పనిచేస్తుందిట. కాని మోతాదు తగ్గితే జీవి చావదు, పెరిగితే చేపే చస్తుంది. రోజూ కొలుస్తూ ఉండాలి. పైగా తొట్టిలో ఉన్న రొయ్య రాగికి బతకదు.

"గుల్ల పగలటానికి మూడురోజులు పడుతుంది గదా! అంతకుముందే మనం ఇల్లు మార్చేద్దాం," అన్నాడాయన.

రెండు ప్లాస్టిక్ తొట్లు తెచ్చాం. మిగిలిన ఒక్క డామ్సెల్‌నూ మూడురోజుల కొకసారి, నాలుగుసార్లు, పాతనీటి చుక్క వెంట రాకుండా రెండో తొట్టిలోకి మార్చాం. కొత్తనీళ్ళు ముందురోజే కలిపి, ఉప్పూ వేడీ సరిచూసుకునేవాళ్ళం. ఖాళీ అయిన తొట్టిని కడిగి ఎర్రటి ఎండలో ఆరబెట్టేవాళ్ళం. ఒకసారి నేను తొందరలో తడివల తీసుకోబోతే, మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. పన్నెండోరోజుకు డామ్సెల్ ఒళ్ళు శుభ్రమై, మేతకోసం పైకి ఎగబాకింది.

పెద్ద తొట్టిలో రెండున్నర నెలలు చేప అన్నది లేదు. రొయ్య ఒక్కతే ఏలుకున్నది.

దసరా సెలవుల్లో మళ్ళీ దుకాణానికి వెళ్ళాం. మా అమ్మాయి గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు చూసి, "దీనికి మా ఎదట మేత వెయ్యండి," అన్నది. మొదటి చేప మేత ముట్టలేదు. రెండోది బాగానే తిన్నది గాని, దాని పక్కవాడి ఒంటిమీద సన్నని పసుపుపొడి అద్దినట్టున్నది. అది వెల్వెట్ తెగులు కావచ్చుననీ, తెల్లచుక్కలకన్న తొందరగా చంపుతుందనీ బాబాయి చెప్పి ఉన్నాడు. ఖాళీచేతులతో ఇంటికి వచ్చాం. మూడోసారి వెళ్ళినప్పుడు గాని మాకు నచ్చిన చేప దొరకలేదు.

దానికీ పన్నెండురోజులు ఇళ్ళు మార్చాం. ఆ తరవాత మరో రెండువారాలు విడిగా ఉంచి చూశాం. చివరకు మా అమ్మాయే దాన్ని పెద్ద తొట్టిలో వదిలింది. వదలగానే అది పంపు వెనక నక్కి, సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఆ పూట మా అమ్మాయి అన్నం కూడా తొట్టి ముందే కూచుని తిన్నది.