మంచుమీది విమానములు, రబ్బరు త్రాళ్లు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని అలాస్కాయందు తల్కీట్నా యను చిన్న యూరు గలదు. మూడు నదులు కలియుచోట నున్న యీ గ్రామమునుండి మబ్బులేని నాడు 20,310 అడుగుల డెనాలి శిఖరము కానవచ్చును. ఆ కొండ నెక్కబోవువారిలో బలువురు ఇచట విమానమెక్కి, 7,200 అడుగుల యెత్తున కహిల్ట్నా హిమానీనదముపై మంచుమీదనే దిగుదురు. 1932లో జో క్రాసన్ అను వైమానికుడు ఆ కొండపై మల్డ్రో హిమానీనదమున మొదటిసారి విమానమును దింపెను. బాబ్ రీవ్ చేసినది మఱింత వింత. వేసవిలో వాల్డెజ్ రేవుకడ మంచు లేకపోగా, సముద్రము వెనుకకు దీసిన బురదనేలమీదనుండియే స్కీలతో లేచెడివాడు!

స్కీ యనగా చక్రమునకు మాఱుగా దగిలించు పొడవైన పలక. ఆకాశమున దాని మొన క్రిందికి వ్రాలకుండ ముందొక రబ్బరు త్రాడు మీదికి లాగి పట్టియుండును. పెద్ద విమానముల యేర్పాటు వేఱు. సూపర్ కబ్ వంటి చిన్నవానిలో మాత్రము కాళ్లకును రబ్బరు త్రాళ్లే యాధారము. నేలకు దిగినపుడు కాళ్లు విడివడగా నవి సాగి దెబ్బను మ్రింగును. సన్నని రబ్బరు పోగుల ననేకము జేర్చి పైన దారపుటల్లిక తొడిగినదే యీ త్రాడు. ప్రమాణము ననుసరించి చేసినవానిలో, అల్లికయందలి రంగుదారములను బట్టి యే సంవత్సరమున, నందును ఏ మూడునెలలలో దయారయ్యెనో తెలియును. మన పట్టుచీర యంచున కైన నింత భాష లేదు గదా!

శీతకాలము గడచి స్కీలు విప్పువేళ ప్రశ్న వచ్చును: ఈ త్రాటిని మఱుసటి యేటికి దాచవచ్చునా? చిరిగిన చీరను బొంత చేయు గృహిణి నగుటచే నా మనసు మొదట దాచుమనియే పలికినది. కాని రబ్బరు సంగతి వేఱు. ఎండ, గాలిలోని ఓజోను, పెట్రోలు, నూనె దానిని దినివేయును. నెలల తరబడి లాగబడియున్నచో సాగినది మరల పూర్తిగా ముడుచుకొనదు. తీవ్రమైన చలిలో బిగిసి సులభముగా సాగదు. లోపలి పోగులు తెగినను పైయల్లిక చక్కగానే కనబడవచ్చును. ఆకాశమున త్రాడు తెగెనా, స్కీ మొన వ్రాలును, ఎదురుగాలి దానిని మఱింత క్రిందికి ద్రోయును, విమానము ముక్కు దించి స్వాధీనము తప్పవచ్చును. అందుకే కాపుగా నొక యుక్కుతీగను విడిగా గట్టుదురు. ఐనను తీగయున్నది గదా యని పాతత్రాటిని నమ్ముట తగదు.

దాచదలచినచో సాగదీయక, చల్లని చీకటిచోట నుంచవలెను. తిరిగి కట్టబోవునపుడు అల్లిక చిట్లినను, రబ్బరు బయటపడినను, చేతికి గడ్డలు తగిలినను, కొక్కెమునొద్ద నలిగినను మానవలెను. మానినదానిని పాఱవేయ బనిలేదు. రాత్రులు యింజనుపై గప్పు దుప్పటిని బిగించుటకు, మంచుబండిపై సామాను గట్టుటకు నుపయోగపడును. ఐతే యా ముక్కలను మంచి త్రాళ్ల సరసన నుంచరాదు; పొట్టిగా గోసి, కొనలకు రంగు పూసి, వేఱుపెట్టెలో వేయుట మేలు.