తప్పు స్వరం లేని రెండు టేపులు



మనలో నలభై దాటినవారికి క్యాసెట్లు బాగా గుర్తు. టేపు చిక్కుకుని తెగితే సెల్లోటేపు ముక్క అంటించి, పెన్సిలుతో చుట్టి మళ్లీ వినేవాళ్లం. అతికిన చోట పాట గెంతేది. కంప్యూటర్లు రాకముందు, ఆ అతుకు వినబడకుండా చేయడమే స్టూడియోల్లో కొందరికి వృత్తి. పాటను సరిదిద్దడమంటే టేపును నిజంగా బ్లేడుతో కోసి అతికించడమే.

స్టూడియో టేపు పావు అంగుళం వెడల్పు ఉండేది. ఎక్కువగా సెకనుకు 15 అంగుళాల వేగంతో తిరిగేది. అంటే సెకనులో పదో వంతు సంగీతం అంగుళంన్నర టేపు మీద ఉంటుంది. ఎడిటరు రెండు చక్రాలనూ చేతులతో పట్టుకుని టేపును మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడిస్తాడు. అప్పుడు పాట వినబడదు, మూలుగు వినబడుతుంది. ఆ మూలుగులోనే కొత్త స్వరం మొదలయ్యే చోటు పట్టుకుని మైనపు పెన్సిలుతో గుర్తు పెడతాడు. గాడి ఉన్న దిమ్మె మీద టేపు పరిచి ఏటవాలుగా కోస్తాడు. నిటారుగా కోస్తే మార్పు ఒక్కసారిగా చెవికి తగులుతుంది. ఏటవాలుగా కోస్తే ఒక శబ్దం తగ్గుతూ ఉండగా రెండోది పెరుగుతుంది. బ్లేడుకు అయస్కాంతం పట్టినా అతుకు దగ్గర టక్కుమంటుంది. కొన్ని సెకన్ల పాట కోసం గంటలు కూర్చోవాలి.

కెనడా దేశపు పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ 1966లో రాసిన ఒక వ్యాసంలో తన అనుభవం ఒకటి చెప్పాడు. ఆయన బాఖ్ రచించిన ఒక ఫ్యూగ్ రికార్డు చేశాడు. ఈ బాఖ్ తన సంఘ సంగీత రచనల చివర, మహిమ దేవునికి మాత్రమే అని అర్థమిచ్చే మూడు అక్షరాలు రాసుకునే భక్తుడు. ఫ్యూగ్ అంటే ఒకే రాగపు ముక్కను ఒక గొంతు తర్వాత మరో గొంతు అందుకునే రచన. గూల్డ్ దాన్ని అనేకసార్లు వాయించగా 6వది, 8వది బాగా కుదిరాయి. రెండింటిలోనూ తప్పు స్వరం లేదు. అయితే తర్వాత కూర్చుని వింటే, 6వది మొదటినుంచి చివరిదాకా గంభీరం, 8వది మొదటినుంచి చివరిదాకా ఉల్లాసం. ఏదీ ఒంటరిగా పూర్తి కాదు. అదృష్టం ఏమిటంటే రెండింటి వేగం దాదాపు ఒకటే. అందుకని ఆరంభం, ముగింపు 6వ దాని నుంచి, నడిమి భాగం 8వ దాని నుంచి తీసుకుని కలిపారు.

ప్రియులారా, ఇక్కడ మేము ఆగి ఆలోచించాము. గట్టు దగ్గరో, పెళ్లి మాటల దగ్గరో రెండు కుటుంబాలు విడిపోతాయి. ఈ ఇంటికి వెళ్తే, "మా తప్పేమీ లేదు అయ్యగారూ" అంటారు. ఆ ఇంటికి వెళ్తే వాళ్లదీ అదే మాట. ఓపికగా వింటే చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే. ఒకరిది గంభీరం, ఒకరిది ఉల్లాసం. తప్పు స్వరం లేకపోయినా పాట పూర్తి కాలేదు. వాళ్లు వస్తే వీళ్లు ప్రభువు బల్లకు లేవరు.

"ఆదివారం ఇద్దరి చేతులూ కలిపించేయండి" అని పెద్దలు మమ్మల్ని తొందరపెడతారు. అది నిటారు కోత. ఆ ఒక్క పూటకు అతుక్కుంటుంది, సోమవారం మళ్లీ గెంతుతుంది. ముందు మూలుగు వినాలి. ఒకే సంగతిని ముందుకీ వెనక్కీ పదిసార్లు చెప్పనివ్వాలి. ఇద్దరిలో సమానంగా ఉన్న వేగం ఏమిటో వెదకాలి. ఒకే బాప్తిస్మం, ఒకే సమాధుల తోట, పక్కపక్కనే ఆడుకునే పిల్లలు. అతుకు అక్కడ నిలుస్తుంది.

ఇంకొక సంగతి మరువకండి. గూల్డ్ పక్కన పెట్టిన ముక్కల్లోనూ తప్పు స్వరం లేదు. బాగా వాయించినదే, అయినా వదులుకున్నాడు. సమాధానం కావాలంటే మన తప్పును మాత్రమే విడిచిపెడితే చాలదు. మనం న్యాయంగా అనగలిగిన మాటను కూడా కొంత విడిచిపెట్టాలి. కష్టమైన భాగం ఇదే. ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం చదవండి. ఇద్దరిని ఒకటిగా చేయుటకు ప్రభువు తన శరీరమునే ఇచ్చాడు. ఏ తప్పూ లేనివాడే కోత భరించాడు.

మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు మన కానుకను బలిపీఠం ఎదుటే విడిచి, ముందు సహోదరుని దగ్గరకు వెళ్లమన్నాడు. వచ్చే ఆదివారం బల్ల ఉంది. శనివారంలోగా ఒక గడప ఎక్కండి. మాట్లాడడానికి కాదు, వినడానికి వెళ్లండి. తోడు కావాలంటే మేము వస్తాము.

సమాధానకర్తయగు దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.