ఖలమూ, గళ్ల కాగితమూ

మా అబ్బాజాన్ కాతిబ్. హైదరాబాదులోని ఒక ఉర్దూ దినపత్రికకు ఇరవై యేళ్లు ఖలంతో వార్తలు వ్రాశారు. ఖలం మొనను కాగితంపై ఆనించి లాగితే ఏర్పడే చుక్కను నుక్తా అంటారు. ప్రతి అక్షరం పొడవునూ, వంపునూ ఆ చుక్కలతోనే కొలుస్తారు. 1990వ దశకంలో ఆ కార్యాలయానికి కంప్యూటరు వచ్చింది; అబ్బాజాన్ ఇంటికి వచ్చారు. అటుపిమ్మట ఆయన తెరవైపు చూడనేలేదు. "అది మూసిన పెట్టె బేటా! లోపల ఏమి జరిగేదీ ఎవరూ చూపరు" అనేవారు.

ఎలెక్ట్రానిక్స్ అధ్యాపకుణ్ణి అయిన పిదప కూడ ఆ మాటకు నా వద్ద జవాబు లేదు. పుట్టుకతో ఏ పనీ తెలియక, మనం నేర్పిన పనిని మాత్రమే చేసే ఎఫ్.పి.జి.ఏ. అనే చిప్పు గురించి పాఠం చెప్పేవాణ్ణి. అందులో వేలకొలది చిన్న పట్టికలుంటాయి. వాటిని నింపి, వాటి మధ్య తీగెలను కలిపితే అదే గడియారమవుతుంది, అదే చిత్రయంత్రమవుతుంది. జీతం కూడబెట్టి అటువంటి బోర్డొకటి కొన్నాను. ఏడాది తిరిగేసరికి దానితో వచ్చిన సాఫ్ట్‌వేరు అనుమతి గడువు తీరి, బోర్డు బల్లమీద మూగదై కూర్చుంది. అబ్బాజాన్ మాటే నిజమైంది.

ఈ బాధ నా ఒక్కడిదే కాదు. తెరమీద బొమ్మ గీసే కార్డు రహస్యాలు అందరికీ తెలియాలని 2004లో టిమొతీ మిల్లర్ ఓపెన్ గ్రాఫిక్స్ ప్రాజెక్టును ఆరంభించారు. ఎఫ్.పి.జి.ఏ.తో ఓజీడీ1 అనే ప్రయోగ బోర్డు తయారైంది గాని, వారు కలగన్న సొంత చిప్పు రూపుదాల్చలేదు. అయినా ఆ ఆశ అణగారలేదు. 2015లో క్లెయిర్ వుల్ఫ్, మథియాస్ లాసర్‌లు ఐస్40 అనే చిప్పు లోపలి లిపిని విప్పి, ఐస్‌స్టార్మ్ పేరిట లోకానికిచ్చారు. ఆ చిప్పుతో బల్గేరియాలోని ఒలిమెక్స్ సంస్థ ఒక చిన్న బోర్డు చేసి, దాని నక్షాలన్నీ బహిరంగపరచింది.

ఆ బోర్డును తెప్పించుకొన్నాను. పట్టికలు 1,280 మాత్రమే. తెరపై కనబడేవి 640 నిలువు వరుసలు, 480 అడ్డు వరుసలు. అంచుల వద్ద విరామాన్ని కలుపుకొంటే ఒక్కొక్క బొమ్మకు 800ను 525తో హెచ్చించగా వచ్చే 4,20,000 అడుగులు. బోర్డు గడియారం సెకనుకు పది కోట్లసార్లు కొట్టుకొంటుంది. దానిని నాలుగుతో భాగించి అడుగులు వేయిస్తే సెకనుకు దాదాపు అరవై బొమ్మలు వస్తాయి. ఇంతే రహస్యం!

ఒక రాత్రి 'బే' అక్షరాన్ని తెరపై నిలిపి అబ్బాజాన్‌ను పిలిచాను. చాలసేపు చూచారు. "నుక్తా మూలమీద నిలబడాలి. నీది చతికిలబడింది" అన్నారు. పత్రిక విడిచిన తరువాత అక్షరాన్ని గురించి ఆయన పలికిన మొదటి మాట అది. తప్పు ఎక్కడున్నదో ఆ గళ్లను చూపించాను. "అయితే దిద్దవచ్చునా?" అని అడిగారు. మౌనంగా గళ్ల కాగితం తెచ్చి ముందుంచాను.

64 గళ్ల పొడవు, 64 గళ్ల వెడల్పు. నాటి నుండి ప్రతి ఉదయం ఆయన కళ్లద్దాలు పెట్టుకొని గళ్లు నింపుతున్నారు. సాయంత్రం నా విద్యార్థులు వాటిని ఒకట్లుగా, సున్నలుగా మార్చి బోర్డుకెక్కిస్తున్నారు. ఒక గీత వంకర పోయినా ఆయన ఊరుకోరు.

చిప్పు జ్ఞాపకంలో 65,536 గళ్లకే చోటుంది. అనగా పదహారు అక్షరాలు. మొన్న పదహారవది పూర్తయింది. "మిగిలినవి ఎక్కడ పెడతావు?" అన్నారు దిగులుగా. నక్షా విప్పి, చిప్పు ప్రక్కన విడిగా ఉన్న జ్ఞాపకపు బిళ్లను చూపాను. ఆయన వ్రేలు తీగెల గీతల వెంబడి నెమ్మదిగా సాగి, దానిని చేరుకొన్నది.

"మరి కాగితం తే" అన్నారు.