మూగ యక్షరములు

మేము ఆఱవ తరగతిలో నున్నప్పుడు మా సరసనే కూర్చుండు బాలుడొకడు ఆంగ్లపాఠమును చదువుచు, రాత్రి యను నర్థముగల ‘నైట్’ అను మాటను ‘నిఘ్ట్’ అని పలికెను. వ్రాసిన ప్రతి యక్షరమును పలుకుట తెలుగువారి యలవాటు గదా! నడుమనున్న జీ, హెచ్ అను నక్షరములను విడిచిపెట్టవలెనని వానికి తోచలేదు. తరగతి యంతయు గొల్లుమని నవ్వినది. అందఱికంటె బిగ్గఱగా నవ్వినవారము మేమే. నాటినుండి వానికి ‘నిఘ్ట్’ అనియే పేరు నిలిచెను. ఆ యేడాది అతడు మఱల గొంతెత్తి చదువుట మేము వినలేదు.

పెక్కేండ్ల తరువాత ఆంగ్లభాషాచరిత్రమును చదువుచు మేము సిగ్గుపడితిమి. వేయేండ్లక్రిందటి ఆంగ్లేయులు ఆ మాటను ‘నిహ్త్’ అని వ్రాసి, నడిమి హకారమును గాలి యొరయునట్లు కఱకుగా పలుకుచుండిరి. వెలుగునకు, కూతునకు, తలంపునకు, ఎనిమిదికి వారు వాడిన మాటలన్నిటను అట్టి ధ్వనియే యుండెను. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట, ఫ్రెంచి పద్ధతి నెఱిగిన లేఖకులు క్రమముగా ఆ ధ్వనికి జీ, హెచ్ లను జంటగా వ్రాయసాగిరి. 1476లో కాక్‌స్టన్ వెస్ట్‌మినిస్టరున ముద్రాయంత్రమును నెలకొల్పెను. అచ్చువలన వర్ణక్రమము మెల్లమెల్లగా స్థిరపడెను. నోటిమాట మాత్రము నిలువలేదు. ఆ ధ్వని లైట్, డాటర్, థాట్, ఎయిట్ అను మాటలలో అణగిపోయెను. రఫ్, కాఫ్, లాఫ్ అను మాటలలో ఫకారముగా మాఱెను. స్కాట్లండు వాడుకలో ‘నిఖ్త్’ అను పలుకు నేటికిని కలదు. జర్మనుల ‘నఖ్త్’ దాని తోబుట్టువు. సంస్కృతములోని నక్తము, దుహిత, అష్ట అను పదములును ఈ కుటుంబమునకు దూరపు చుట్టములే.

ఈ గుంపులో దొంగచుట్టములును లేకపోలేదు. ఆనందమను నర్థముగల ‘డిలైట్’ ఫ్రెంచినుండి వచ్చినది. తొల్లి దానిలో ఈ యక్షరములు లేవు. ‘లైట్’ను చూచి పిదప తగిలించుకొన్నది.

మన భాషలోను ఇట్టి గుర్తు గలదు. ‘గుఱ్ఱము’, ‘చెఱువు’ అను మాటలలోని బండి ఱకు పూర్వము వేఱుధ్వని యుండెను. ఇప్పుడు మన నోట రెండు రేఫములును ఒక్కటియే. మలయాళమున ఆ భేదము నేటికిని వినబడును. బండి ఱను మఱచి మేమును తెలుగు పండితులచేత బెత్తపుదెబ్బలు తింటిమి. అయినను నాడు మమ్ము చూచి ఎవరును నవ్వలేదు. అది అందఱును చేయు తప్పు గదా!

కొంతకాలము క్రిందట ఒక పెండ్లిలో ఆ బాల్యమిత్రుని కలిసికొంటిమి. ఈ వృత్తాంతమంతయు చెప్పి క్షమాపణ వేడితిమి. అతడు కొంతసే పూరకుండి, “అయితే నేను తప్పు చదువలేదన్నమాట, వేయేండ్లు ఆలస్యముగా చదివితిని” అని చిఱునవ్వు నవ్వెను. కాని ఆంగ్లమున నలుగురిలో మాటాడుటకు నేటికిని తన గొంతు వణకునని కూడ చెప్పెను. దానికి మే మేమి ప్రత్యుత్తర మీయగలము?

బాలబాలికలారా! మీ తరగతిలో నెవరైన మూగ యక్షరమును పలికినచో, ఒక్క నిమిషము తాళుడు. నవ్వుట యను నర్థముగల ఆంగ్లపదమునందును ఆ జీ, హెచ్ లే యున్నవి.